ఆత్మారాం జింకు వైద్యం

బోధన్‌లో షుగర్ ఫ్యాక్టరీ మూతబడి ఏళ్ళయింది. ఆ పక్క ఊళ్ళోనే ఉన్న ఆత్మారాం ఇంట్లో మాత్రం షుగర్ ఉత్పత్తికి ఒక్కరోజూ సెలవు లేదు. మొగుడికీ షుగరే, పెళ్ళానికీ షుగరే. చక్కని సంసారం కాస్తా చక్కెర సంసారమైంది.

ఆ ఉదయం ఆయన చాయ్ తాగి మూడు రంగుల గోలీలు మింగాడు. జింకు, మెగ్నీషియం, క్రోమియం. డాక్టరు రాసిన షుగర్ గోలీల డబ్బా అటకెక్కి చాలా రోజులైంది.

ఆత్మారాంది చిన్న బుర్ర కాదు. వరి ఆకు మీద తుప్పు రంగు మచ్చ కనిపిస్తే జింకు లోపమని ఊళ్ళో అందరికంటే ముందు పసిగట్టే రైతు. పోయిన యాసంగి పంటలో అలాగే జింకు కొట్టి, వాడిపోయిన చేనును నిలబెట్టాడు. అప్పటి నుంచి తన ఒళ్ళు కూడా ఒక మడే అని గట్టిగా తీర్మానించుకున్నాడు.

"బాపూ, షుగర్ గోలీ ఏస్కున్నవా?" నిజామాబాద్ నుంచి సెలవుకు వచ్చిన కూతురు నిరోష అడిగింది.

"గవి బందు వెట్టిన బిడ్డా. లోపం దొరికినంక రోగంతోని ఏం పని? జింకు కొడితె చేను పచ్చవడలే? నేను పచ్చవడనా?"

"మనిషి పచ్చవడితె కామెర్లంటరు బాపూ!"

పొయ్యి దగ్గరున్న తల్లి దేవవ్వ పక్కున నవ్వింది. నవ్వుతూనే గోడ పట్టుకుంది. చేతిలో గిన్నె జారి బియ్యం నేల పాలైంది.

"ఏమయిందే?" ఆత్మారాం ఒక్క ఉదుటున లేచాడు.

"కండ్లు తిరుగుతున్నయి. గొంతు ఒకటే ఎండుకపోతాంది."

నిరోష తల్లిని మంచం మీద కూర్చోబెట్టి షుగర్ మిషన్ తీసి వేలు గుచ్చింది. అంకె నాలుగు వందలు దాటింది.

"అవ్వా! నువ్వు గూడ గోలీలు బందు వెట్టినవా?"

దేవవ్వ తల దించుకుంది. "మీ బాపు వెట్టిండు గద. మంచిగనే తిరుగుతాండు. నేను గూడ ఆ రంగు గోలీలే మింగుతున్న."

"నాకు చెప్పకుంటనా?" ఆత్మారాం గొంతు లేచింది.

"నువ్వు జేసింది తప్పయితదా అని..."

ఆ మాటకు లేచిన గొంతు అక్కడే కూలబడింది.

నిరోష తండ్రి వైపు తిరిగింది. "జింకు కొట్టిననాడు చేనుకు నీళ్ళు బందు వెట్టినవా బాపూ?"

"నీళ్ళు బందు వెడితె చేను ఎండి..." మాట మధ్యలోనే ఆగిపోయింది.

"మరి అవ్వకు అదే జేసినవు. నెత్తురుల లోపముంటె జింకు, మెగ్నీషియం కొంత సాయం జేస్తయి కావచ్చు. క్రోమియం సంగతి పెద్ద డాక్టర్లకే ఇంకా తేలలె. సెలీనియం అసొంటియి ఎక్కువైతె షుగర్ ముప్పు పెరుగొచ్చని గూడ అంటున్నరు. ఏదైనా మందుకు తోడే, బదులు గాదు. మట్టి పరీక్ష లేంది మడిల మందు చల్లవు. మనుషులకు పరీక్ష అక్కర్లేదా?"

ఆత్మారాం ఆటో పిలవడానికి చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డెక్కాడు.

బోధన్ దవాఖానలో డాక్టరమ్మ ఇద్దరికీ పరీక్ష చేసింది. మొగుడికి మూడు వందలు, పెళ్ళానికి నాలుగు వందలు. వెరసి ఏడు వందల సంసారం! ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి చెడామడా తిట్టింది. సూది మందుతో, సెలైన్‌తో సాయంత్రానికి దేవవ్వ కళ్ళల్లో వెలుగొచ్చింది.

ఆత్మారాం మంచం పట్టె మీద కూర్చున్నాడు. "నా మీద నాకు ధీమా ఉండె దేవవ్వా. నీ పానానికి గూడ నేనే పూచీ అని యాది లేకపాయె."

"ఏడ్వకు. పోరి సూస్తాంది. నువ్వేం మింగితె నేనూ గదే మింగుత. పెండ్లయిన కాడికెల్లి గంతే గద."

ఆయన కళ్ళు ఒత్తుకున్నాడు. డాక్టరమ్మ రాసిన గోలీని ముందు తన నాలుక మీద పెట్టుకొని, దేవవ్వకు కనిపించేలా నోరు తెరిచి చూపించి మింగాడు.

అప్పుడు ఆమె చెయ్యి చాచింది.