పద్నాలుగో నంబర్ సీసా

“ఈసారి నువ్వు రోగివి,” అన్నాడు గౌరీశంకర్.

టెక్కలి బస్టాండు క్యాంటీన్. పొద్దున పది గంటలు. గౌరీశంకర్ పైకి ఇన్సూరెన్స్ ఏజెంట్, లోపల గూఢచారి బ్యూరో తీరప్రాంత విభాగానికి చీఫ్. ఎదురుగా చల్లారిన ఉప్మాని చెంచాతో కెలుకుతూ కూర్చున్నాడు ఏజెంట్ వైకుంఠరావు.

“ఏం జబ్బు?”

“పార్కిన్సన్స్. చెయ్యి వణకాలి. నడక నెమ్మదించాలి. మొహంలో ఏ భావమూ ఉండకూడదు.”

“చివరి రెండూ ఎలాగూ ఉన్నాయి.”

చీఫ్ నవ్వలేదు. నవ్వుతాడని వైకుంఠరావు అనుకోనూ లేదు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో అతను పూజారిగా, చేపల వ్యాపారిగా, ఒకసారి పెళ్లికొడుకుగా కూడా నటించాడు. ఇప్పుడు యాభై నాలుగేళ్లు. మెట్లెక్కితే మోకాళ్లు మొరాయిస్తున్నాయి. దేశాన్ని కాపాడటం మీద విసుగు లేదు గానీ, అందుకోసం బస్సులు మారడం మీద మాత్రం చెప్పలేనంత విసుగు పుట్టింది.

“పలాసలో డాక్టర్ సీతాదేవి ఒక క్లినికల్ ట్రయల్ నడుపుతోంది,” అన్నాడు చీఫ్ గొంతు తగ్గించి. “మందు కోడ్ నేమ్ టి-17. మన దేశంలోనే తయారైంది. నెగ్గితే వణుకుడు జబ్బుకి చవకైన మందు దొరుకుతుంది. అదే జబ్బుకి ఖరీదైన మందు అమ్ముకునే విదేశీ ముఠాకి అది గిట్టదు. ట్రయల్‌లో ఒక్క పేషెంట్ చస్తే చాలు, టి-17 కథ ముగిసినట్టే.”

“లోపల మనవాళ్లున్నారా?”

“నిహారిక. ట్రయల్ మానిటర్. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటోంది.”

“మనం?”

“మనమూ మన మనిషే అనుకుంటున్నాం.” చీఫ్ జేబులోంచి ఒక పెన్ను తీసి ఇచ్చాడు. “క్యాప్ తిప్పితే నీలం లైటు వస్తుంది. ట్రయల్ మాత్ర తెల్లగానే ఉంటుంది. విషం మాత్ర అయితే ఆకుపచ్చగా మెరుస్తుంది.”

అలా వైకుంఠరావు రిటైరైన బడిపంతులి వేషంలో పలాస చేరాడు. రెండు వారాలకోసారి మంగళవారం పేషెంట్లు వచ్చి పరీక్షలు చేయించుకుని కొత్త సీసాలు తీసుకెళ్తారు. మందస వైపు నుంచి ఏడుగురు ఒకే ఆటోలో వచ్చేవాళ్లు. వాళ్లకి పెద్దదిక్కు రాజులమ్మ. జీడిపిక్కలు కొట్టే కార్ఖానాలో ముప్పై ఏళ్లు పనిచేసింది. జీడిసొనకి వేళ్ల కొసలు నల్లబడిపోయాయి. ఇప్పుడు ఆ వేళ్లు ఒళ్లో ఊరికే పెట్టుకున్నా వణుకుతూ ఉంటాయి, ముద్ద కలపమంటే బిగుసుకుపోతాయి. “సచ్చీలోపల ఒక్కరోజు నా సేత్తో నాను అన్నం కలుపుకు తినాల బాబూ,” అంది మొదటి రోజే. ఆ మాట విన్నాక తన దొంగ వణుకు తనకే అసహ్యం వేసింది వైకుంఠరావుకి.

అతను వెళ్లిన మూడో మంగళవారం పదకొండింటికి నిహారిక ఆసుపత్రి వరండాలో నీళ్ల ఫిల్టర్ దగ్గరికి వచ్చింది. పట్టుచీర, నల్లకళ్లద్దాలు. ఆ వరండాలో ఆమె నడిచొస్తుంటే రక్తపోటు చూపించుకోవడానికి వచ్చిన ముసలాళ్లు కూడా తలలు తిప్పేవారు.

“జీడిపప్పు దొరికిందా మేడమ్? గుండా, బద్దా?” అడిగాడు వైకుంఠరావు. గుండు అంటే క్షేమం. బద్ద అంటే ప్రమాదం.

“బద్ద.” ఆమె పెదాలు కదిలీ కదలనట్టు కదిలాయి. “స్టోర్ రూమ్‌లో సీసా మార్చేశారు. పద్నాలుగో నంబర్. ఒక్క మాత్ర చాలు, గంటలో గుండె ఆగిపోతుంది. నాకు ఐదు నిమిషాల కిందే తెలిసింది.”

“పద్నాలుగు ఎవరిది?”

“రాజులమ్మ.”

వైకుంఠరావు వణకడం మరిచిపోయి నర్సు హేమ బల్ల దగ్గరికి పరుగెత్తాడు. కొత్త సీసాలోని మొదటి మాత్ర నర్సు ముందే మింగాలని రూలు.

“రాజులమ్మ వచ్చిందా?”

“వచ్చి వెళ్లిపోయిందండీ. అరగంటైంది.”

“మాత్ర మింగిందా?”

“నా ఎదురుగానే. నీళ్లు కూడా తాగింది.”

ఆటో డ్రైవర్‌కి ఫోన్ చేస్తే స్విచాఫ్. నిహారిక కారు తీసింది. హైవే మీద ఆమె లారీలను దాటుకుంటూ పోతుంటే వైకుంఠరావు వాచీ చూసుకుంటూ కూర్చున్నాడు. ముప్పై ఐదు నిమిషాలు. నలభై. తను కాపాడలేకపోయినవాళ్ల మొహాలు అతనికి చాలానే గుర్తున్నాయి. ఇంకో మొహం మొయ్యడానికి ఓపిక లేదనిపించింది.

మందస రోడ్డు పక్కన టీ బడ్డీ దగ్గర ఆటో ఆగి ఉంది. బెంచీ మీద రాజులమ్మ బతికే ఉంది. ఒళ్లో స్టీలు టిఫిన్ డబ్బా. దాన్నిండా మాత్రలు. పక్కన ఏడు ఖాళీ సీసాలు. చుట్టూ ఆరుగురు చేతులు చాపి కూర్చున్నారు.

“మింగొద్దు!” అని అరిచాడు వైకుంఠరావు.

“ఏటి మేష్టారూ, నీకూ వాటా కావాలేటి?” రాజులమ్మ తాపీగా అడిగింది. “నీకు జబ్బు లేదు కదేటి.”

వైకుంఠరావు తన చేతుల వంక చూసుకున్నాడు.

“మాకు సెయ్యి ఊరుకున్నప్పుడు వణుకుతాది. గ్లాసు అట్టుకుంటే తగ్గుతాది. నీకు గ్లాసు అట్టుకుంటేనే వణుకుతాది. మొదటి వారమే సూసినాం. పాపం ఏ కట్టమొచ్చి ఈ నాటకమాడతన్నాడో అని ఊరుకున్నాం.”

“నర్సు ముందు మింగావు కదమ్మా!”

“మింగితే కదా. గుప్పిట్లోనే ఉంచీసినాను. సెయ్యి వణుకుతున్నోళ్లం, మాత్ర నోట్లో పడిందో లేదో ఆ పిల్లకేటి తెలుత్తాది?” రాజులమ్మ డబ్బా మీద చెయ్యి కప్పింది. “సగం మందికి మందు, సగం మందికి కాళీ మాత్ర అని డాక్టరమ్మే సెప్పింది. ఎవులికి ఏది పడిందో ఆవిడకే తెలీదంట. ఒకే ఆటోలో వొచ్చీవోళ్ళం, ఒకలు బాగుపడి ఒకలు సెడిపోవాలేటి? అందుకని మొదట్నుంచీ అన్నీ కలిపీసి సమానంగా పంచుకుంతన్నాం.”

ఇరవై ఎనిమిదేళ్లలో వైకుంఠరావు తన కవర్‌ని ఏ శత్రువు ముందూ విప్పలేదు. ఇప్పుడు టీ బడ్డీ ముందు విప్పాడు. “నేను మేష్టార్ని కాదమ్మా. ప్రభుత్వం పంపిన మనిషిని. నీ సీసాలో విషం పెట్టారు. ఇప్పుడది అందరి మాత్రల్లో కలిసిపోయింది.”

అతని మొహంలో ఏం కనిపించిందో గానీ రాజులమ్మ వెంటనే నమ్మింది. “ఒలే, అందరూ డబ్బాలో ఏసీయండి!”

ఐదు మాత్రలు డబ్బాలో పడ్డాయి. ఆరో మనిషి అప్పలసూరి, ఒకప్పుడు కొబ్బరిచెట్లెక్కేవాడు, కదల్లేదు. అతని బుగ్గ కాస్త ఉబ్బి ఉంది. కంఠం మింగడానికి ప్రయత్నిస్తూ మెల్లగా కదులుతోంది.

“మావా, ఊసీ!” రాజులమ్మ కేక వేసింది.

ఈ జబ్బులో కాళ్లూ చేతులతోపాటు గొంతు కూడా నెమ్మదిస్తుంది. మాత్ర మింగడానికి అప్పలసూరికి మూడు నాలుగు నిమిషాలు పట్టేది. వైకుంఠరావు దోసిలి పట్టాడు. పై పూత ఇంకా కరగని మాత్ర ఎంగిలితో సహా అందులో పడింది. పెన్ను క్యాప్ తిప్పి నీలం లైటు వేశాడు.

ఆకుపచ్చగా మెరిసింది.

నిహారిక అప్పలసూరి నోటిని మూడుసార్లు కడిగించి, నాడి పట్టుకుని గంటసేపు పక్కనే కూర్చుంది. నాడి నిలకడగానే ఉంది. అప్పుడు నల్లకళ్లద్దాలు తీసి పట్టుచీర కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆమె ఎవరి మనిషో వైకుంఠరావు ఇక అడగదలుచుకోలేదు. ఆమె చెప్పిన ఆనవాళ్లతో సాయంత్రానికల్లా బారువలో ఎండుచేపల ఎగుమతిదారు వేషంలో ఉన్న ముఠా నాయకుణ్ణి పట్టుకున్నారు. స్టోర్ రూమ్‌లో సీసా మార్చినవాడు అప్పటికే పోలీసులకి లొంగిపోయాడు.

అదే సాయంత్రం డాక్టర్ సీతాదేవి తన గదిలో ఆ ఏడుగురినీ కూర్చోబెట్టింది. “మందు, ఖాళీ మాత్రా కలిసిపోయాక ఏ ఫలితమూ నిలబడదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి,” అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఆర్నెల్ల అలసట మాత్రమే ఉంది.

“మళ్లీ కాళీయి ఎవులికో ఒకలికి పడతాయి కదమ్మా?”

“పడతాయి. లేకపోతే మందు పనిచేసిందనడానికి రుజువుండదు. కానీ పనిచేస్తుందని తేలిన రోజున ఖాళీ మాత్రలు పడినవాళ్లకి ముందుగా మందు ఇస్తాను. ఆ మాట ఫారంలో రాసి సంతకం పెడతాను.”

“ఆ మాట ముందే సెప్పీసుంటే మేమెందుకు ఈ దొంగతనం సేత్తాం?” అంది రాజులమ్మ. మొదటి వేలిముద్ర ఆమే వేసింది. వణికే బొటనవేలిని పక్కనున్నావిడ పట్టుకుని కాగితం మీద ఆనించింది.

వైకుంఠరావు వరండాలోకి వచ్చి చీఫ్‌కి ఫోన్‌లో రిపోర్టు ఇచ్చాడు.

“డాక్టర్ని, నర్సుని, విదేశీ ముఠాని, నిన్ను... అందరినీ బోల్తా కొట్టించారా? ఆ రాజులమ్మకి ట్రైనింగ్ ఇచ్చింది ఎవరయ్యా?”

“ఎవరూ ఇవ్వలేదు సార్. వాళ్లకి ఆ మందు నిజంగా కావాలి. మన డిపార్టుమెంట్లో ఎవరికీ ఏదీ అంత నిజంగా అక్కర్లేదు.”