వేడ్ హార్లన్ విసిరిన ఆఖరి బంతి

బ్రేక్!

కారు కీచుమని పక్కకి జారి ఆగుతుంది.

హెడ్‌లైట్ల ఎదురుగా జింక. కళ్లు మెరుస్తున్నాయి. ఒక్క క్షణం... గెంతి పొదల్లోకి మాయం!

డాక్టర్ వసుంధర స్టీరింగ్ వదలదు.

ఇంకా సాయంత్రం ఆరున్నరే. ఆస్ట్రేలియాలో జూన్ అంటే నడి చలికాలం. హెలెన్స్‌బర్గ్ ఊరు దాటితే చాలు, అప్పుడే కటిక చీకటి.

మళ్లీ యాక్సిలరేటర్ తొక్కుతుంది.

"మేడం... లైన్ల ఉన్నరా?" కారు స్పీకర్లో లిఖిత గొంతు.

"ఉన్నానమ్మా. వాళ్లు వెళ్లి ఎంతసేపయింది?"

"అర్ధగంట అయితుండొచ్చు మేడం. సార్‌కి టాబ్లెట్స్ తెద్దామని లోపలికి పోయిన. వచ్చి చూస్తే కుర్చీ ఖాళీ! సార్ బామ్మర్ది ట్రెంట్ యూట్ ట్రక్కు గేటు దాటుతున్నది. డీర్ హంటింగ్‌కి పోతున్నమని చెయ్యి ఊపిండు."

"గన్ ఉందా?"

"ఉన్నది. నా కండ్లతో చూసిన."

లిఖిత వరంగల్ పిల్ల. నర్సు. ఆర్నెల్లుగా వేడ్ హార్లన్‌ని కంటికి రెప్పలా చూసుకుంటోంది.

"అంగీ గుండీలు పెట్టుకునుడే మర్చిపోతడు మేడం సారు! అసొంటి మనిషిని చీకట్ల అడివికి ఎవరన్న తీస్కపోతరా? పోలీసులకి ఫోన్ చెయ్యనా?"

"వద్దు!"

అరిచినట్టే వచ్చింది ఆ మాట. వసుంధరకే సిగ్గేసింది.

"...నేను దగ్గర్లోనే ఉన్నాలే. ముందు నన్ను చూడనీ."

ఫోన్ పెట్టేస్తుంది.

పోలీసులంటే ప్రశ్నలు. ప్రశ్నలంటే మొదటి ప్రశ్న తనకే.

వేడ్ హార్లన్‌కి తెలివి సరిగ్గా ఉందని రాసిచ్చిన డాక్టర్ ఎవరు?

నేనే!

వేడ్ హార్లన్... ఆ పేరు వింటే అమెరికాలో ఇప్పటికీ లేచి నిలబడేవాళ్లున్నారు. ఒహాయోలో బస్సు డ్రైవర్ కొడుకు. పద్నాలుగు సీజన్లు క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాడు. అమెరికన్ ఫుట్‌బాల్లో బంతి ఎవరికి విసరాలో, ఎప్పుడు విసరాలో తేల్చేది క్వార్టర్‌బ్యాక్. జట్టంతటికీ బుర్ర అతనే. రెండు చాంపియన్‌షిప్పులు, బూట్ల యాడ్లు, జిమ్‌లు, టెక్సస్‌లో స్థలాలు. సిడ్నీ అమ్మాయి హెదర్‌ని పెళ్లి చేసుకుని, ఆట మానేశాక ఇక్కడికొచ్చి ఈ కొండ మీద గుర్రాల ఫారం పెట్టాడు. హెదర్ పోయింది. వ్యవహారాలన్నీ ఆవిడ తమ్ముడు ట్రెంట్ చేతిలోకి వచ్చాయి.

తలకి తిన్న దెబ్బలకి లెక్కలేదు. మనిషి మరిచిపోవడం మొదలెట్టాడు. వసుంధర దగ్గరికి తీసుకొచ్చారు. ఆవిడ పెట్టిన ప్రతి టెస్టులోనూ ఫెయిలయ్యాడు. ఏ నెలో చెప్పలేడు, గడియారం బొమ్మ గీయలేడు.

అయినా రాసింది. 'పూర్తి తెలివిలో ఉన్నాడు' అని.

ఆ కాగితం పక్కన పెట్టుకునే ట్రెంట్ ఆస్తి మొత్తం తన పేరున రాయించుకున్నాడు.

దానికి బదులు ఏమిచ్చాడు? నోట్ల కట్టలు కాదు. ఒక బిల్డింగు! తలకి దెబ్బలు తిన్నవాళ్ల కోసం రిసెర్చ్ సెంటర్. డైరెక్టర్ వసుంధర. ఎన్ని వందల మంది బాగుపడతారో కదా అని తనకి తనే చెప్పుకుంది. ఒక్క పేషెంట్‌ని అమ్మేసి వందల మందిని బాగుచేస్తుందట!

ఫోన్ మళ్లీ మోగుతుంది. సిడ్నీ కెల్లీవిల్‌లోని ఇంటి నుంచి భర్త ఆనందరావు.

"వసూ! సెంటర్ బోర్డు ఇంటికే డెలివరీ ఇచ్చేశారే! నీ పేరు ఎంత పెద్దగా రాశారో చూడాలి. హాల్లో నిలబెట్టా. అనన్య ఫొటో తీసి అందరికీ పంపిస్తోంది."

"ప్రౌడ్ ఆఫ్ యూ, మమ్!" వెనకనుంచి కూతురి కేక.

"...నేను మళ్లీ చేస్తానండీ."

"గుళ్లో ఉన్నావా ఇంకా? దర్శనం బాగా అయిందా?"

ఫోన్ కట్ చేస్తుంది.

అయింది దర్శనం! ఏ ముఖంతో? వెంకటేశ్వరుడి ముందు నిలబడి కళ్లెత్తలేకపోయింది. ప్రసాదం కూడా తీసుకోకుండా పార్కింగ్‌లోకి వచ్చేసింది. అక్కడే లిఖిత ఫోన్ వచ్చింది. అక్కడే అంతా అర్థమైంది.

రేపు అమెరికా నుంచి వేడ్ చెల్లెలు దిగుతోంది. అన్నని వేరే డాక్టర్‌కి చూపిస్తుందట. ఆ డాక్టర్ ఒక్క చూపు చూస్తే చాలు, వసుంధర రాసింది అబద్ధమని తేలిపోతుంది. సంతకం చెల్లదు. ట్రెంట్‌కి చిల్లిగవ్వ రాదు.

చచ్చిపోయిన మనిషికి మెమరీ టెస్టు ఎవరు పెడతారు?

చీకట్లో వేట... జింక అనుకుని కాల్చాను... పాపం బావ!

"దేవుడా..."

ఎడమపక్క ఫైర్ ట్రైల్. మంటలార్పే బళ్ల కోసం అడవిలోకి వేసిన మట్టిదారి. గేటు తెరిచే ఉంది. కారు దూరుస్తుంది. రాళ్లు అడుగున ఠంగుమంటున్నాయి.

మలుపు... ఇంకో మలుపు...

యూట్!

లైట్లు ఆర్పి ఉంది. లోపల ఎవరూ లేరు. సీటు మీద వేడ్ మఫ్లర్. ఈ చలిలో ఆ మనిషి మెడకి అది కూడా లేదు.

వసుంధర ఫోన్ తీస్తుంది. సిగ్నల్ ఒకే ఒక్క గీత.

ట్రిపుల్ జీరో.

"పోలీస్, ఫైర్, ఆంబులెన్స్... ఏది కావాలి?"

హాల్లో నిలబెట్టిన బోర్డు కళ్లముందు మెదులుతుంది.

కట్!

ఛీ! ఇంత పిరికిదాన్నా నేను!

సరిగ్గా అప్పుడు...

ఢాం!

కొండంతా మారుమోగుతుంది. పక్షులు గోలగా లేస్తాయి.

వసుంధర పరిగెడుతుంది. ఎటో తెలీదు. చప్పుడు వచ్చిన వైపే. గుడికని కట్టుకున్న పట్టుచీర ముళ్లకి చిక్కుకుని పర్రున చిరుగుతుంది. పరిగెడుతూనే నంబర్ నొక్కుతుంది.

"పోలీస్! హెలెన్స్‌బర్గ్ దాటాక... హార్లన్ ఫారం వెనక ఫైర్ ట్రైల్... మనిషిని చంపేస్తున్నాడు! గన్ ఉంది!"

"బయల్దేరుతున్నారు. మీ పేరు చెప్పండి."

"...దారిన పోతున్నదాన్ని."

"మేడం, మీ పేరు..."

ఫోన్ కోటు జేబులోకి తోసేస్తుంది. కట్ చెయ్యదు. పేరూ చెప్పదు.

"వేడ్!" గొంతు తగ్గించి పిలుస్తుంది. "వేడ్!"

చీకట్లోంచి చెయ్యి!

నోరు మూసేసి, ఆవిణ్ణి బండరాయి వెనక్కి లాగేస్తుంది.

"ష్... నేనే, డాక్. కదలకు."

వేడ్!

బతికే ఉన్నాడు! వసుంధరకి ఏడుపు ముంచుకొస్తుంది.

"దెబ్బ తగిలిందా? వేడ్, నేనెవరో గుర్తుందా? ఇవాళ ఏ రోజు..."

"శనివారం. జూన్ పద్నాలుగు. నువ్వు డాక్టర్ వసుంధర. కిందటిసారి నీలం చీర కట్టుకున్నావు. గడియారం గీయమన్నావు, ముల్లు లేకుండా గీశాను."



ఆ గొంతులో తడబాటు లేదు. ఆ కళ్లలో మసక లేదు.

"నువ్వు... నీకు..."

"ఏమీ కాలేదు." గుసగుసగా చెబుతున్నాడు, చీకట్లోకే చూస్తూ. "సీజన్ మొదట్లో మాకు మెమరీ టెస్టు పెడతారు. తలకి దెబ్బ తగిలాక మళ్లీ పెట్టి, రెండూ పోల్చి చూస్తారు. మార్కులు తగ్గితే ఆటలోంచి తీసేస్తారు. అందుకని మొదటి టెస్టే కావాలని చెడగొట్టేవాళ్లం. పద్నాలుగేళ్లు అదే పని! ఎలా ఫెయిలవ్వాలో నాకంటే బాగా ఎవడికీ తెలీదు."

"ఎందుకు? ఎందుకిలా చేశావు?"

"హెదర్ పోయాక గుర్రాలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. జిమ్‌లు మూతపడ్డాయి. అడిగితే అందరూ నవ్వే ముఖాలు పెట్టేవాళ్లు. మతిపోయినవాడి ముందు ఎవరూ ఏదీ దాచుకోరు డాక్. ట్రెంట్ దాచుకోలేదు. నువ్వూ దాచుకోలేదు."

ఆ మాట చెంపదెబ్బలా తగులుతుంది.

"ఆ గన్‌తో నన్నే కాలుస్తాడనుకోలేదు. అదొక్కటే అంచనా తప్పాను. గుండు గురి తప్పబట్టి పారిపోగలిగాను."

వసుంధర తల తిరుగుతోంది. అంటే... తను రాసింది నిజం! మనిషి నిక్షేపంలా ఉన్నాడు. ఏ డాక్టర్ చూసినా అదే రాస్తాడు. ఇక తనని ఎవరూ ఏమీ అనలేరు!

ఆ క్షణంలో ఆవిడకి కలిగింది సంతోషం. అవును, సంతోషమే! పక్కన మనిషి ప్రాణం దాచుకుంటుంటే, 'బయటపడ్డాను' అని ఎగిరింది మనసు. మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసింది.

వేడ్ ఆ ముఖాన్ని చూస్తున్నాడు. కనిపెట్టేశాడు.

"నిజమే రాశావు డాక్. కానీ అబద్ధమనుకుని రాశావు."

వసుంధర తల దించుకుంటుంది.

"మా ఆటలో మనిషి ఉన్న చోటికి బంతి విసరం. రాబోయే చోటికి విసురుతాం. వాడింకా ఇటు తిరిగి కూడా ఉండడు. వస్తాడని నమ్మి వదిలేస్తాం. ఆ సంతకం అలాగే పెట్టాను. నువ్వు వచ్చి, నిన్ను కొన్నారన్న నిజం చెబుతావని."

"వచ్చాను కదా వేడ్!"

"వచ్చావు. ఇంకా చెప్పలేదు."

టార్చ్!

తెల్లటి వెలుతురు ఇద్దరి కళ్లలో.

"ఓహో! డాక్టర్ గారు కూడానా!"

ట్రెంట్. ఎడమ చేత్తో టార్చ్. కుడిచేతిలో రైఫిల్. పది అడుగుల దూరం.

వేడ్ లేచి నిలబడతాడు. ఆరున్నర అడుగుల మనిషి. చేతులు పైకెత్తుతాడు.

"అయిపోయింది ట్రెంట్. నాకు మతి పోలేదు. ఒక్కరోజు కూడా పోలేదు. నువ్వు నా ఎదురుగా మాట్లాడినవన్నీ గుర్తున్నాయి."



ట్రెంట్ చూపు వేడ్ మీదే. తర్వాత... నవ్వు! పగలబడి నవ్వుతాడు.

"అంటే సంతకం పెట్టినప్పుడు నీకు పూర్తి తెలివుంది!"

"ఉంది."

"చదివే పెట్టావు!"

"చదివే పెట్టాను."

"అయితే అది చెల్లుతుంది, మేట్! రేపు నీ చెల్లెలు నిన్ను ఎవరికి చూపించినా చెల్లుతుంది! ఆస్తి నాదే. నిన్ను చంపాల్సిన పనే లేదు!"

రైఫిల్ కిందికి దిగుతుంది.

వసుంధర ఊపిరి వదులుతుంది.

ట్రెంట్ నవ్వు మెల్లగా ఆగుతుంది. ఏదో లెక్క తేలినట్టు ముఖం మారుతుంది.

"డాక్టర్‌ని కొన్నామని తేలితే మాత్రం మోసం కింద కొట్టేస్తారు. అది చెప్పగలిగేది... డాక్టర్ ఒక్కతే."

రైఫిల్ మళ్లీ లేస్తుంది.

ఈసారి వసుంధర గుండెకి గురి!

"ట్రెంట్, వద్దు!" వేడ్ అడుగు ముందుకేస్తాడు.

"కదిలావో, కాల్చేస్తా! చీకట్లో నువ్వే కాల్చావు వేడ్. జింక అనుకున్నావు. నీ మాటకి నా మాట."

వసుంధర చెయ్యి జేబులోకి పోతుంది. ఫోన్ బయటికొస్తుంది. తెర ఇంకా వెలుగుతూనే ఉంది.

"ఏంటది? ఎవరు లైన్లో?" ట్రెంట్ గొంతులో మొదటిసారి బెదురు.

వసుంధర ఫోన్ గట్టిగా పట్టుకుంటుంది.

"కట్ చెయ్ డాక్టర్. కట్ చేసి ఇటు విసిరెయ్." గొంతు మెత్తబడుతుంది. "నిన్ను చంపడం నాకు మాత్రం సరదానా? నోరు మూసుకో చాలు. సెంటర్ నీదే. ఎప్పటికీ నీదే. పేపర్ నిజం, సంతకం నిజం, ఎవరికీ ఏ నష్టం లేదు. ఇంటికెళ్లి హాయిగా పడుకో."

నిజమే! ఒక్క బటన్ నొక్కితే చాలు. అన్నీ మిగులుతాయి. సెంటర్, పరువు, ప్రాణం.

వేడ్ మాత్రం అన్నీ పోగొట్టుకుంటాడు. పద్నాలుగేళ్లు తల పగలగొట్టుకుని సంపాదించినదంతా.

ఆయన ఒక్క మాట కూడా అడగడం లేదు. బతిమాలడం లేదు. తన వైపే చూస్తున్నాడు.

వసుంధరకి ఆ చూపు భరించడం కష్టంగా ఉంది. గన్ కంటే కష్టంగా ఉంది.

ఫోన్ నోటి దగ్గరికి తెస్తుంది.

"కట్ చెయ్యమన్నానా!"

"నా పేరు డాక్టర్ వసుంధర!" గొంతు చించుకుని అరుస్తుంది ఇంగ్లీషులో. "న్యూరాలజిస్టుని! వేడ్ హార్లన్‌కి తెలివి లేదని నమ్మి కూడా ఉందని రాసిచ్చాను! నన్ను కొన్నారు! నేను అమ్ముడుపోయాను! కొన్నది ట్రెంట్... నా ఎదురుగా గన్ పట్టుకుని..."

ఢాం!

భుజంలో నిప్పు. ఆకాశం గిర్రున తిరిగింది. వీపు నేలకి కొట్టుకుంది.

చెవుల్లో ఒకటే హోరు. టార్చ్ ఎక్కడో దొర్లుతోంది. ఆ వెలుతురులో వేడ్ భారీ ఒంటి కింద ట్రెంట్ గింజుకుంటున్నాడు. రైఫిల్ అందనంత దూరంలో పడి ఉంది.

గడ్డిలో ఫోన్ అరుస్తోంది.

"డాక్టర్ వసుంధరా! విన్నాం! అంతా రికార్డయింది! మీకు దెబ్బ తగిలిందా? మాట్లాడగలరా?"

వసుంధర రక్తమంటిన చేత్తో ఫోన్ దగ్గరికి లాక్కుంటుంది.

"మాట్లాడతాను... ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది."