తొందరపడ్డ ఆమేన్

నా అనుమానం చక్కెర డబ్బా దగ్గర మొదలైంది. టీలో నాలుగు చెంచాలు వేసుకునే మా సామ్రాజ్యం అవ్వ, "చక్కెర వద్దబ్బయా" అంది. మరుసటి వారం ఉప్పుచేప ముట్టలేదు. అన్నం సగానికి తగ్గించి పక్కన పెసలు, మునగాకు పెట్టుకుంది. ఆ తర్వాత ఆమె మంచం కింద మూత బిగించిన స్టీలు డబ్బా కనిపించింది.

"ఏందవ్వా అది?"

"వయసు తగ్గే మందులే. నువ్వు ముట్టుకోబాక."

డెబ్బై రెండేళ్ల మనిషికి వయసు తగ్గే మందా! అలాంటి పొడులు అంటగట్టేవాళ్లు మా మైపాడులో ఈమధ్య ఎక్కువయ్యారు. నిరుడు బాత్‌రూమ్‌లో జారిపడ్డప్పటి నుంచి అవ్వను మంచం దిగనివ్వకుండా చూసుకుంటున్నాను. చర్చిలో కూడా ఆమెకు ప్లాస్టిక్ కుర్చీయే. నాకున్నది ఆమె ఒక్కతే. ఎవరైనా బోల్తా కొట్టిస్తుంటే ఊరుకుంటానా?

మర్నాడు పొద్దున్నే ఆటో తీసుకుని పోతున్నట్టు నటించి, అవ్వ బయటికి రాగానే ఆమె వెనకే వెళ్లాను. సముద్రం ఒడ్డున అవ్వ ఒక బోటు అంచు మీద కూర్చుని ఉంది. ఎదురుగా హెల్త్ సెంటర్ కొత్త నర్సు రెజీనా!

"లేవండవ్వా... కూర్చోండి... చేతులు ఆనించబాకండి. ఇంకో ఐదు!"

నేను అడ్డంగా వెళ్లాను. "ఏం మేడమ్, మా అవ్వకి ఏం పొడి అమ్మతా ఉండారు?"

"మీరెవరు?"

"జడ్సన్. మనవణ్ణి."

"ఓ, అవ్వను మంచానికి కట్టేసింది మీరేనా?" కళ్లు నవ్వుతున్నాయి, గొంతు నవ్వడం లేదు. "ఆ డబ్బా మూత తీసి చూసినారా?"

"చూడలా."

"ముందు చూసి, తర్వాత పోట్లాటకి రండి."

ఇంటికొచ్చి మూత తీశాను. వాసన గుప్పుమంది. ఎండు నెత్తళ్ల పొడి! నేను ఇంట్లో లేనప్పుడు మా మిద్దె మీద, ఉప్పు వేయకుండా అవ్వ ఎండబెట్టిన చిన్న చేపలే.

"ఎముకలకి మంచిదంట," అంది అవ్వ గుమ్మంలోంచి. "ఇన్నేళ్లూ ఊరంతా అమ్మినా, నేను తినలా."

"మరి నా దగ్గర దాచేదెందుకు?"

"చెప్తే నన్ను నడవనిస్తావా? పడిపోతానని నీకు భయం. కాళ్లు పోతాయని నాకు భయం. మోకరించి ప్రార్థన చేసి ఏడాదయింది అబ్బయా."

ఇంత ప్రేమగా చూసుకుంటూ అవ్వను నేనే ముసలిదాన్ని చేశాను.

మర్నాడు రెజీనాకి సారీ చెప్పాను. అయినా అనుమానం తీరలేదన్న వంకతో రోజూ ఒడ్డుకి వెళ్లాను.

"ఇంకా నమ్మకం కుదర్లేదా?" అంది ఒకరోజు.

"ఇంకొన్నాళ్లు చూడాల."

"చూడండి. కానీ మీ అవ్వ అటు నడస్తా ఉంటే మీరు ఇటు చూస్తా ఉండారే?"

ఆరోజు నుంచి నాకు నా మీదే అనుమానం.

రెండు నెలల తర్వాత, ఆదివారం ఆరాధనలో పాస్టరు హెబ్రోను గారు "సాక్ష్యం ఎవరైనా చెప్తారా?" అని అడిగారు. అవ్వ చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచింది. అందరూ చూస్తుండగా మెల్లగా మోకరించి ప్రార్థన మొదలుపెట్టింది.

నాకు ఏడుపొచ్చి కళ్లు మూసుకున్నాను. ఆమె మాటలు చెవికెక్కడం లేదు. ఆమె ఆగగానే, చిన్నప్పటి అలవాటు కొద్దీ అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా "ఆమేన్!" అన్నాను.

చర్చంతా ఘొల్లున నవ్వింది.

పక్కనున్న లాజరస్ అన్న నా చెవిలో అన్నాడు: "ఏం అడిగిందో విన్నావా? 'మా జడ్సన్‌కి రెజీనాని భార్యగా ఇయ్యి ప్రభువా' అనింది!"

రెజీనా కూర్చున్న ఆడవాళ్ల వైపు చూస్తే ఒట్టు. ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర రెజీనా అడ్డం నిలబడింది. ఈసారి అనుమానం ఆమె కళ్లలో ఉంది.

"ఆమేన్ అంటే అర్థం తెలుసా?"

"అట్లే జరుగును గాక." నేల చూస్తూ అన్నాను. "కానీ నేను వినకుండా అనేసినా."

"ఇప్పుడు విన్నారు గదా. వెనక్కి తీసుకుంటారా?"

తలెత్తి, ఈసారి మెల్లగా, ఆమెకొక్కదానికే వినపడేట్టు అన్నాను. "ఆమేన్."

రెజీనా చెప్పులు వేసుకుని రెండడుగులు వేసి ఆగింది. "అయితే రేపటి నుంచి మీరూ ఒడ్డు మీద నడవాల. పొద్దస్తమానం ఆటోలో కూర్చుంటే ఎట్లా? నాతో పాటు ముసలోడు కావాలంటే ఇప్పుడే మొదలుపెట్టాల."

వెనక నుంచి మా అవ్వ గొంతు వినపడింది.

"ఆమేన్."