మీరొస్తే బాగానే ఆడుతోంది

“మీ కంప్యూటర్‌కి ఏ జబ్బూ లేదండీ. మీరే చూడండి.”

తెర మీద సముద్రపు పక్షి రెక్కలు చాచి, పట్టుబట్ట మీద చెయ్యి జారినంత మెత్తగా సాగిపోతోంది.

ఆ అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. “ఇందాకటిదాకా ఇదే పక్షి కుంటుతూ ఎగిరింది. ఒట్టు!”

“ఎగిరేటప్పుడు కుంటడానికి కాళ్ళతో పనేముందండీ?”

“నవ్వకండి. నాకు శుక్రవారం అయిదింటికల్లా పంపాలి.”

అతను ఆ కంప్యూటర్ అమ్మిన షాపులో మెకానిక్. అందులో విండోస్ బదులు లినక్స్ ఎక్కించి ఇచ్చిందీ అతనే. ఆ ఇంటికి రావడం ఇది రెండోసారి.

ఆమెకి పక్షుల డాక్యుమెంటరీ పనొకటి పరీక్షగా వచ్చింది. ఫోర్ కె బొమ్మ, ఈక ఈకా కనపడేంత స్పష్టం. వ్యాఖ్యానంలోని ఒక్కో వాక్యం ఏ దృశ్యం మీద మొదలవ్వాలో గుర్తులు పెట్టివ్వాలి. ఇది కుదిరితే ఇంట్లోంచి చేసుకునే ఉద్యోగం. కుదరకపోతే మళ్ళీ బాబాయి స్కూల్లో హాజరుపట్టీలు టైపు చేసుకోవడమే. బొమ్మ తెగి తెగి ఆడుతుంటే పక్షి ముక్కు ఎప్పుడు నీళ్ళకి తగిలిందో ఎవరు చెప్పగలరు?

మొదటిసారి వచ్చినప్పుడు అతను నిజంగానే ఒక లోపం పట్టుకున్నాడు.

“మీ ఇంట్లో పనంతా ఒక్కరే చేస్తూ ఇంకొకరు సోఫాలో కూర్చుంటే ఎలా ఉంటుంది?”

“మా తమ్ముడు హాస్టల్‌కి వెళ్ళేదాకా అలాగే ఉండేది.”

“ఇక్కడా అంతే. వీడియో విప్పే పని గ్రాఫిక్స్ కార్డుది. అది ఖాళీగా కూర్చుంది. ప్రాసెసర్ ఒక్కటే చాకిరీ చేసి చస్తోంది.” ఆ కార్డుని పనిలో పెట్టే డ్రైవర్ ప్రోగ్రామొకటి ఎక్కించి, వీడియో ప్లేయర్‌లో ఒక లైను మార్చాడు. పక్షి ఎగిరింది. అతను కాఫీ తాగి వెళ్ళాడు. మర్నాటికి పక్షి మళ్ళీ కుంటింది.

ఈసారి స్క్రీన్ సెట్టింగులన్నీ చూశాడు. వేడి ఎంతుందో కూడా చూశాడు. యాభై డిగ్రీలు, చల్లగా ఉంది.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న నాయనమ్మ అంది, “అబ్బాయి హస్తవాసి మంచిదే. వస్తే చాలు, అదే దారికొస్తోంది.”

నాయనమ్మ ముప్ఫై ఏళ్ళు టైలరుగా బతికిన మనిషి. కళ్ళకి ఆపరేషన్ అయ్యాక బయటివాళ్ళకి కుట్టడం మానేసింది. చెయ్యి మాత్రం ఊరుకోదు. మిక్సీకి తొడుగు, రిమోట్‌కి తొడుగు, స్టూలు కాళ్ళకి మేజోళ్ళు. ఆ ఇంట్లో ఒంటి మీద బట్ట లేని వస్తువు లేదు. అలవాటైపోయి మనవరాలికి అవి కంటికి ఆనడం కూడా మానేశాయి.

శుక్రవారం పొద్దున్న పదింటికి షాపులో ఫోను మోగింది.

“నిన్న మీరు వెళ్ళిన గంటకే మళ్ళీ మొదలైంది!”

“మేడమ్, నేనుంటే బాగుండి, గుమ్మం దాటగానే పాడవుతోందంటే…” అతను గొంతు తగ్గించాడు. “ఏమీ అనుకోకండి. నన్ను పిలవడానికే కాదు కదా?”

ఆమె గయ్యిమంది.

“మీ మొహం! మీరే ఏదో మెలిక పెట్టి వెళ్తున్నారని నా అనుమానం. మళ్ళీ మళ్ళీ రావచ్చని!”

ఫోను పెట్టేసింది. షాపు ఓనరు కళ్ళజోడు పైనుంచి చూశాడు.

“ఒరేయ్, నీ వయసప్పుడు నాకూ ఇలాంటి కంప్లయింటే ఒకటి వచ్చింది. ఆవిడిప్పుడు మా ఇంట్లోనే ఉంటుంది. కంప్లయింటు ఇంకా తీరలేదు.”

వాన మొదలైంది. అతను గొడుగు కూడా వెతుక్కోకుండా బయలుదేరాడు. చెప్పకుండా వెళ్ళడం అదే మొదటిసారి.

తలుపు ఆమే తీసింది. హెడ్‌ఫోన్లు మెడలో ఉన్నాయి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“రమ్మనలేదే?”

“మాటలు పడ్డాక రాకుండా ఎలా ఉంటానండీ?”

తెర మీద పక్షి గాల్లో ఆగిపోయి, గెంతి, మళ్ళీ ఆగింది. తను బాగుచేశాక అది కుంటడం అతను కళ్ళారా చూడటం ఇదే. వేడి చూస్తే తొంభై ఎనిమిది డిగ్రీలు! గబుక్కున బల్ల కిందికి వంగాడు. అక్కడ కంప్యూటర్ కనపడలేదు. మెరూన్ రంగు వెల్వెట్ గౌనొకటి కనపడింది. కింద రెండు వరసల కుచ్చులు, మెడ దగ్గర లేసు.

“ఇదేంటండీ?”

“ఏది? ఓ… నాయనమ్మ కుట్టింది. ఎప్పటినుంచో ఉంది కదా?”

“నేను చూడటం ఇదే!”

స్నానం ముగించి వచ్చిన నాయనమ్మ గుండెలు బాదుకుంది. “అయ్యో, చెప్పాపెట్టకుండా వచ్చేశావేం! వెల్వెట్టుకి నీ చేతుల మసి అంటుకోదూ? నువ్వొస్తున్నావంటే ముందే విప్పి బీరువాలో పెడుతున్నాను. నువ్వు వెళ్ళగానే తొడుగుతున్నాను. పాపం, దానికి దుమ్ము పడదు.”

అతను గౌను కుచ్చు పైకెత్తి చూపించాడు.

“బామ్మగారూ, దానికి గాలాడటం లేదండీ. వేడెక్కితే అది నెమ్మదిస్తుంది. ఎండలో వెల్వెట్టు గౌను వేసుకుని మీరు పరిగెత్తగలరా?”

ముందు ఆ అమ్మాయి నవ్వింది. తర్వాత అతను. ఇద్దరూ బల్ల కింద కూర్చుండిపోయి నవ్వారు. గౌను విప్పారు. పది నిమిషాల్లో పక్షి మళ్ళీ పట్టుబట్ట మీద జారినట్టు సాగింది.

పదకొండున్నర అయింది. ఆమె పనిలో కూర్చుంది. ‘వేడి చూస్తూ ఉంటాను’ అని అతను వంకపెట్టి పక్కన కూర్చున్నాడు. కంప్యూటర్ చల్లగానే ఉంది. వెచ్చబడినవి అతని చెవులే. నాలుగూ యాభైకి ఆమె ఫైలు పంపింది. అయిదున్నరకి జవాబొచ్చింది: సోమవారం నుంచి పనిలో చేరండి.

అతను సంచీ సర్దుకుంటూ అన్నాడు, “ఇంక పాడవదండీ.” ఆ మాట సంతాపం చెప్పినట్టుంది.

“బాధపడుతున్నారా?”

“నిజం చెప్పనా? ఫోనులో మిమ్మల్ని అన్నానే, అది నా ఆశ. అనుమానం కాదు.”

ఆమె కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచింది. “కంప్లయింటు మూడుసార్లూ నిజమేనండీ. రెండోసారి పెట్టుకున్న కాటుక మాత్రం కంప్యూటర్ కోసం కాదు.”

అంతలో వెనకనుంచి అతని భుజాల మీదికి టేపు వచ్చి పడింది. గౌనుకి నాలుగు వైపులా కిటికీలు కత్తిరించి వల గుడ్డ వేస్తున్న నాయనమ్మ, ఆ పని పక్కనపెట్టి లేచొచ్చింది.

“చొక్కా తడిసి పాడైంది. ఒకటి కుడతాను.”

“ఎందుకండీ, వద్దండీ… మీకు శ్రమ.”

ఆ అమ్మాయి తల వంచుకుని మెల్లగా అంది, “నాయనమ్మ బయటివాళ్ళకి కుట్టదండీ.”

అర్థం కావడానికి అతనికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక గిర్రున ఆమె వైపు తిరగబోయాడు.

“కదలకు నాయనా!” నాయనమ్మ నోట్లో సుద్దముక్కతోనే కసిరింది. “భుజం కొలత తప్పుతుంది.”