మోరీ మలుపులో రోలరు

గుడియాత్తం నుంచి మోర్ధానాకి పోయే దారిలో, కాలవ మీది చిన్న వంతెన కాడ, మోరీ మలుపు అని ఒకటి ఉండాది. పొద్దు గూకినాక ఆ పేరెత్తితే పెద్దోళ్ళు కూడా మాట మార్చేస్తారు. తెల్లచీర కట్టిన ఆడమనిషని ఒకరు, తల లేని మొగోడని ఇంకొకరు... ఎవురి మాట వాళ్ళది. నిజం చెప్పల్లంటే, ఎవురూ సరిగ్గా చూసింది లేదు. ఆడికి రాంగానే బస్సోడు తొక్కేస్తాడు, మోటారు సైకిలోడు ఊపిరి బిగబట్టి లాగించేస్తాడు. అంత పరుగులో దాటిపోతా ఉంటే, పాపం, దెయ్యానికి మాత్రం మొగం చూపించే తీరిక యాడిది?

మునిరాజుకి ఆ వీలు లేకపోయింది. ఆయనది రోడ్డు రోలరు. మనిషి నడక కంటే ఒక అడుగు ఎనకే.

ఇది తొంభై ఐదులోనో తొంభై ఆరులోనో జరిగిందంట. సర్కారోళ్ళు పనికిరాదని వేలమేసిన రోలరును, ఉండే ఒక్క చేనూ అమ్మి ఎత్తుకున్నాడు మునిరాజు. రంగేసి, గుమ్మడికాయ కొట్టి, బాడిగలకి తిప్పుకుంటా బతికినాడు. అంతలో దేశం తలుపులు తెరిచినారన్నారు. తెరిస్తే తెరిచినారు — ఆ తలుపులో నుంచి పసుప్పచ్చ రంగు కొత్త బండ్లు తళతళమంటా వేలూరు దాకా వచ్చేసినాయి. ఇంక ముసలి రోలరును పిలిచేదెవురు? షెడ్డులో దాని కింద కోడి ఒకటి నిమ్మళంగా గుడ్లు పొదిగింది. పాత ఇనుము కొనేటోడు రెండు తూర్లు వచ్చి, చుట్టూ తిరిగి, తట్టి చూసి పోయినాడు.

అట్లాంటప్పుడు కబురు పెట్టినాడు దొరైస్వామి. మోర్ధానా రోడ్డు కాంట్రాక్టు ఆయనదే. మలుపు అవతల పని. ఆ మలుపులో ముందే ఒకరి రోలరు తిరగలేక కాలవలో పడిందంట. నీ బండి మలుపు తిరిగి తెల్లారేసరికి వచ్చిందా, పని అయిందాకా బాడిగ నీకే, రాలేదా, వేలూరు నుంచి కొత్తది తెప్పిస్తా అన్నాడు. ఈ బాడిగ కూడా పోతే ఇంక రోలరు పాత ఇనుములోకే. మునిరాజుకి ఆ సంగతి బాగా తెలుసు.

ఎండలో పోతే ఇంజను కాగిపోతాది. అందుకని రాత్రే బయల్దేరల్ల. పెండ్లాం పొన్నమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెడతా మలుపు సంగతి ఎత్తింది. మన రోలరు సద్దుకి దెయ్యమే చెవులు మూసుకోని పారిపోతాదిలే అని మీసం దువ్వినాడు మునిరాజు.

ఊరు దాటేదాకా కుక్కలు మొరగతా ఎంట పడినాయి. ఎంతసేపు మొరిగినా రోలరు ఆడనే ఉంటే వాటికే విసుగు పుట్టి ఎనక్కి పోయినాయి. ఆ తర్వాత ఎవురూ లేరు. ఒంటి లైటు... గుడగుడమని ఇంజను... అటూ ఇటూ చీకటి.

మలుపు కనపడింది.

మోరీ గోడ మీద — తెల్లగా — ఏదో కూర్చోని ఉండాది.

మునిరాజు గబగబా ఆలోచించినాడు. ఆపితే? ఆడనే ఉండల్ల. ఎనక్కి తిప్పితే? తిప్పేలోపల తెల్లారిపోతాది. బండిని వదిలి పరిగెత్తితే బాడిగ పోతాది, బండీ పోతాది. ఆ తెల్లది మెల్లగా... లేచి నిలబడింది.

రోలరోళ్ళకి ఒక అలవాటు ఉండాది. తిన్నని దారిలో బండిని దాని పాటికి వదిలేసి, దిగి టీ తాగి, నాలుగడుగులేసి మళ్ళీ ఎక్కుతారు. మునిరాజు అదే పని చేసినాడు. ఇవతలి పక్క దిగి, ఎనక చక్రం చాటున వంగి, ఇనప కమ్మీ పట్టుకోని, కండ్లు గట్టిగా మూసుకోని నడిచినాడు. దెయ్యానికీ తనకీ నడమ అంత ఇనుము ఉండాదని ధైర్యం.

"ఏమప్పా..."

మునిరాజు ఇంకా గట్టిగా దేవుణ్ణి తలుచుకున్నాడు.

"ఏమప్పా... నిన్నే..."

గొంతు ఎనకపడింది. సన్నగా అయింది. పోయింది. చానాసేపటికి కండ్లు తెరిస్తే మోరీ యాడనో ఎనక ఉండాది. ఎగిరి సీట్లో పడి, తల తిప్పకుండా తోలుకుంటా పోయినాడు.

తెల్లారి టీ అంగట్లో కూర్చోని ఉంటే దొరైస్వామి వచ్చినాడు. తెల్ల పంచ, తలకి తెల్ల తువ్వాలు. బండి మలుపు తిరిగేది కండ్లారా చూద్దామని రాత్రి మోరీ మీద కూర్చున్నాడంట, పిలిస్తే ఒక్కరన్నా పలకలేదేమని నిష్ఠూరం చేసినాడు.

మునిరాజుకి నవ్వు ఆగలేదు. టీ అంతా చొక్కా మీదే. ఊరు ఊరంతా భయపడి చచ్చే దెయ్యం ఈయనా! పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది.

దొరైస్వామి కూడా సంతోషంగానే ఉన్నాడు. బండి నచ్చింది, పని అయిందాకా నీకే అని ఆకూ వక్కా చేతిలో పెట్టినాడు. మునిరాజు కండ్లలో నీళ్ళు తిరిగినాయి.

"ఒక్కటి మాత్రం, మునిరాజూ. డ్రైవరును మార్చగూడదు."

"నేనే కదప్పా డ్రైవరు."

"నువ్వు యాడ తోల్తివి నాయనా? నువ్వు ఎనక చక్రం కాడ వంగి, నేల చూసుకుంటా నడస్తా ఉంటివి. పైన కూర్చోని మలుపు తిప్పినాడే ముసలాయన... ఏం చెయ్యి అది! ఆయన తోల్తేనే నీ బండి. లేకుంటే వేలూరికి కబురు పెడతా."

మునిరాజు రాత్రి సంగతి మళ్ళీ లెక్క చూసుకున్నాడు. మలుపు... దిగింది తిన్నని దారిలో. ఎక్కింది మోరీ దాటినాక. నడమ స్టీరింగు ఎవురు తిప్పినారు?

"పిలిపించు ఆయన్ని, ఈ పొద్దే పని మొదలు పెడదాం. యాడ ఉంటాడు?"

మునిరాజు రోలరు పక్క చూసినాడు. ఆకూ వక్కా పక్క చూసినాడు. మెల్లగా చెప్పినాడంట.

"ఆ మోరీ కాడేనప్పా."