కదలని గీత

"ఈ గొంతును పట్టుకోవాలి," అంటూ చీఫ్ టేపు ఆపాడు. "పరాయి దేశపు ముఠా హంతకుడు. ముఖం ఎవరూ చూడలేదు. ఈ సాయంత్రం సన్మాన సభలో మన సైంటిస్టు పని ముగిస్తాడట."

ఏజెంట్ డేగ వెంటనే ఫోన్ అందుకున్నాడు. ఆ సైంటిస్టు అతని సొంత అక్క. సభ మానుకోమంటే "నీ అనుమానాలు నీ దగ్గరే పెట్టుకోరా" అని కసిరింది.

సాయంత్రానికి డేగ సౌండ్ ఇంజనీరు వేషంలో, హాలు పైనున్న కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నాడు. ఎదురుగా ల్యాప్‌టాప్‌లో ఆడియో ప్రోగ్రామ్. కింద వేదిక పక్కన పూలకుండీలో రహస్య మైకు. టేపులోని గొంతు దాని చెవిన పడితే తెరమీద ఎర్రలైటు వెలుగుతుంది. ఆ మైకు పెట్టి వచ్చి అతని పక్కన నిలబడింది వెన్నెల. మహా అందగత్తె, డబుల్ ఏజెంట్. తన నీడనే నమ్మని డేగ ఆమెను నమ్ముతాడా?

కోడ్ రన్ చేశాడు. తెరమీద ధ్వనిని చూపే గీత కదల్లేదు. కింద హాలంతా గోలగోలగా ఉంటే ప్రోగ్రామ్ మాత్రం చెవుడొచ్చినట్టు కూర్చుంది. ఎర్రర్ కూడా చూపలేదు. వైరు మార్చాడు. మళ్ళీ సున్నా.

పిస్టల్ తీసి వెన్నెలకు గురిపెట్టాడు.

"మైకును ఏం చేశావ్?"

"ఏం చెయ్యలేదు. మైకు పాడైతే కనీసం గరగరైనా వస్తుంది. ఇది శుద్ధ సున్నా. నీ ప్రోగ్రామ్‌కి వినే పర్మిషన్ లేనట్టుంది. సెట్టింగ్స్ తెరువు."

"కట్టుకథలు చెప్పకు."

"సరే, కాల్చు. కాల్చాకైనా తెరువు!"

కింద అతిథులు ఒక్కొక్కరే అక్క దగ్గరికి వెళ్తున్నారు. డేగ ఒంటిచేత్తో సెట్టింగ్స్ తెరిచాడు. మైక్రోఫోన్ వరసలో అతని ప్రోగ్రామ్ పక్కన స్విచ్ ఆఫ్‌లో ఉంది.

"ఎవరు ఆపారు?"

అడుగుతూనే నాలుక కరుచుకున్నాడు. పొద్దున ప్రోగ్రామ్ మొదటిసారి తెరిచినప్పుడు, మైకు వాడుకోనివ్వాలా అని తెరమీద ఓ పెట్టె అడిగింది. వింటామని ఎవరడిగినా వద్దనడం అతనికి ఉద్యోగం నేర్పిన అలవాటు. పూర్తిగా చదవకుండానే "వద్దు" నొక్కేశాడు. సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి.

స్విచ్ ఆన్ చేశాడు. గీత అప్పటికీ లేవలేదు.

"ప్రోగ్రామ్ మొత్తం మూసి మళ్ళీ తెరువు. అప్పుడు గానీ పర్మిషన్ అమల్లోకి రాదు," అంది వెన్నెల.

మూశాడు. తెరిచాడు. రన్ చేశాడు. గీత ఎగిరిపడింది.

"మేడమ్, ఒక్కసారి ఇటు చూడండి," అని హెడ్‌ఫోన్స్‌లో వినిపించింది.

ఎర్రలైటు! అక్క ఎదుట ఫొటోగ్రాఫర్ కెమెరా ఎత్తి నిలబడ్డాడు. మెట్లు దిగే వ్యవధి లేదు. డేగ హాలు స్పీకర్ల మైకు లాక్కుని అరిచాడు.

"అక్కా, వంగు!"

ఏనాడూ తమ్ముడి మాట వినని అక్క ఆ ఒక్కసారి విన్నది. కెమెరాలోంచి దూసుకొచ్చిన విషపు సూది ఆమె తలమీదుగా పోయి వేదిక వెనకున్న తెరలో గుచ్చుకుంది. సెక్యూరిటీ వాళ్లు ఫొటోగ్రాఫర్ మీద పడ్డారు. డేగకు కళ్ళలో నీళ్లు తిరిగాయి.

"ఇప్పటికైనా నన్ను నమ్ముతావా?" అడిగింది వెన్నెల.

డేగ పిస్టల్ జేబులో పెట్టుకున్నాడు.

"నమ్మాను. కాకపోతే ఇంటికెళ్లి ఓ నిద్ర తీసి లేచాక గానీ అమల్లోకి రాదు."