గురువారం లోపు నాయన మాట

మంగళవారం పొద్దున మహాదేవి చేతిలో ఉన్న కాగితం మీద చేయాల్సిన పనులు వరుసగా ఉన్నాయి.

స్కానింగు ఫిలిములు, రక్తపరీక్ష కాగితాలు ఒకే కవరులో పెట్టాలి.
ఆరోగ్యశ్రీ కార్డు, ఆధార్ జిరాక్సులు మూడేసి తీయించాలి.
రక్తం ఇచ్చేవాళ్లు ఇద్దరు కావాలి. తిమ్మన్న మామ వస్తానన్నాడు. ఇంకొకరు?
మగ్గం మీద చీర సగంలో ఆగిందని చేనేత సొసైటీలో చెప్పాలి.
నాయనకు గడ్డం గీయించాలి.
బుధవారం పొద్దు మునగకముందే కర్నూలు ఆసుపత్రిలో చేరాలి.
నాయన మాట రికార్డు చేయాలి.

మొదటి ఆరూ అన్న ఉమామహేశ్వర చెబుతుంటే రాసినవి. ఏడోది ఆమె సొంతంగా రాసుకుంది. అన్నిటికంటే కష్టమైంది అదే. నాయన బసవన్న ఆమెతో మాట్లాడి నాలుగు నెలలైంది.

గురువారం ఆయన స్వరపేటిక తీసేస్తారు. గొంతులో క్యాన్సరు ముదిరింది, ప్రాణం కావాలంటే మాట వదులుకోవాల్సిందేనని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ తర్వాత మెడ కింద చిన్న రంధ్రం ఉంటుంది, ఊపిరి అందులోంచి ఆడుతుంది. ఎమ్మిగనూరులో ముప్పై ఏళ్లుగా మగ్గం నేస్తూ, వీధి ఈ చివర నుంచి ఆ చివరకు వినబడేలా మాట్లాడిన మనిషికి ఇంకా రెండు రోజులే మాట మిగిలింది.

ఆ వీధిలో డిగ్రీ పాసైన మొదటి ఆడపిల్ల మహాదేవి. గ్రూప్స్ కోచింగుకని హైదరాబాదు పోయింది. ఒక ఆదివారం స్నేహితురాలితో కలిసి షూటింగు చూడబోతే, అక్కడ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చున్న ఒక పెద్దాయన కనిపించాడు. సౌండ్ రికార్డిస్టు శివశంకర్ గారు. ఈ పిల్ల కదలకుండా తననే చూస్తోందని, నవ్వి హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు తగిలించాడు. ఎక్కడో దూరంగా చెట్టు కింద హీరోయిన్ గాజులు సర్దుకుంటున్న చప్పుడు చెవి పక్కనే వినబడింది. ఆ రోజు తర్వాత పుస్తకాలు ఆమెకు తలకెక్కలేదు.

ఆయన దగ్గరే పని నేర్చుకుంది. పొడుగాటి కర్ర చివర మైకు కట్టి, కెమెరాలో నీడ పడకుండా నటుల తలల పైన పట్టుకుని కదలకుండా నిలబడటం నేర్చుకుంది. చొక్కా లోపల చిన్న మైకును గుడ్డకు రాసుకోకుండా అతికించడం నేర్చుకుంది. సీను అయిపోగానే అందరినీ నోరు మూయించి, ఆ చోటి నిశ్శబ్దాన్ని ఒక నిమిషం పాటు రికార్డు చేయడం నేర్చుకుంది. తర్వాత స్టూడియోలో మాటల మధ్య ఆ నిశ్శబ్దాన్ని అతికితేనే కలిపిన చోటు తెలియదు.

ఇంట్లో మాత్రం కోచింగనే చెప్పింది. పరీక్ష రోజు హైదరాబాదు నుంచి నేరుగా కర్నూలు వచ్చి రాస్తానంది. ఆ రోజు ఆమె గండికోటలో షూటింగులో ఉంది. పనిమీద అటు పోయిన అదే వీధి గోపన్న, "మీ పాప గండికోటలో కర్ర పట్టుకొని నిలబడుకోనుండాదే బసవన్నా" అని వచ్చి చెప్పాడు. అప్పటి నుంచి బసవన్న కూతురితో మాట్లాడటం మానేశాడు. తల్లి అంజనమ్మ ఫోను చెవి దగ్గర పెట్టినా తిరిగి ఆమె చేతికే ఇచ్చేసేవాడు.

ఆ మధ్యాహ్నం మహాదేవి ఇంటిని సెట్టు మాదిరి సిద్ధం చేసింది. ఫ్యాను ఆపింది. ఫ్రిజ్ స్విచ్చి తీసింది. గోడ గడియారాన్ని దించి దుప్పట్లో చుట్టింది. కిటికీలకు బొంతలు వేలాడగట్టింది. తర్వాత ఇల్లిల్లూ తిరిగి అరగంట మగ్గాలు ఆపమని అడిగింది.

"ఏం దేవీ, మీ ఇంట్లో సినిమా తీస్తాండారా?" అంది పక్కింటి రత్నమణి.

"ల్యా అత్తా. నాయన మాట పట్టుకోవాల."

రత్నమణి లోపలికి పోయింది. తన మగ్గం ఆపి, ఎదురింటివాళ్ల మగ్గం కూడా తనే పోయి ఆపించింది. వీధి మొత్తం చప్పుడు లేకుండా పోయింది.

బసవన్న మంచం మీద కూర్చున్నాడు. మహాదేవి మైకు పట్టుకుని నేల మీద కూర్చుంది. శివశంకర్ గారు ఇచ్చి పంపిన చిన్న రికార్డరులో ఎర్ర దీపం వెలిగింది.

"నాయనా, ఏదన్నా చెప్పు. నా మింద కోపముంటే తిట్టు. ఏదైనా ఫర్వాల్యా."

ఆయన నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు. గోడ వైపు చూశాడు. హెడ్‌ఫోన్లలో ఆయన ఊపిరి గరగరమంటోంది. గుటక మింగడానికి ఆయన పడుతున్న అవస్థ కూడా వినబడుతోంది. మాట మాత్రం రాలేదు. పది నిమిషాలు అట్లాగే కూర్చుని, లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

ఉమామహేశ్వర జిరాక్సులు పట్టుకుని అప్పుడే వచ్చాడు. కిటికీల బొంతల వైపు, దుప్పట్లోని గడియారం వైపు చూశాడు.

"వీధి వీధంతా మగ్గాలు ఆపిచ్చినావంట. సచ్చినోళ్ల ఇండ్ల మాదిరుండాది బయట. నాయన ఇంకా బతికే ఉండాడు దేవీ."

"గురువారం దాటితే నాయన గొంతు ఉండదన్నా. అందుకే..."

"ఉండదని నాకు తెల్దా? డాక్టరు కాళ్లు పట్టుకునిండేది నేను. అమ్మ నీకు దినామూ ఫోన్ చేస్తాండె. ఎనకాల నాయన మాట్లాడేది ఇనపడ్తాండె గదా. బొంగురుపోయిండేది తెలియలేదా నీకు? యాడో దూరంగా ఉండేవాళ్ల గాజులు ఇనపడ్తాయంటివే. నాయన గొంతు ఇనపడకపోయెనా?"

మహాదేవి రికార్డరు ఆపింది. మాట్లాడినప్పుడు తలెత్తలేదు.

"ఇనపడింది."

"ఏంటిది?"

"మూడు నెల్ల కిందటే ఇనపడింది. గొంతు గరగరమంటాంటే అమ్మ ఫోను మైకు పోయిందనుకుంటి. గుండుసూదితో ఆ బొక్క శుభ్రం చెయ్యమని అమ్మకు చెప్తి."

"చేసిందా?"

"చేసిందంట."

ఉమామహేశ్వర గడప మీద కూలబడ్డాడు. అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ మూడు నెలలు ముందే తెలిసి ఉంటే గొంతు దక్కేదేమోనన్న మాట ఇద్దరి మధ్యా ఉంది. ఎవరూ పైకి అనలేదు.

అంజనమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇంగ కొట్లాడుకునింది చాలు. గమ్మునుండే ఇంట్లో ఆయప్పకు మాట యాడొస్తాది? నా పెండ్లయి ముప్పై ఏండ్లాయె. మగ్గం ఆడకుండా నాతో నాలుగు మాటలు మాట్లాడిండేది ల్యా. ఆ ఫ్యాను ఎయ్యి. రత్నమణిని నేసుకోమని చెప్పు."

ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని, నేసేవాళ్లు కాళ్లు పెట్టుకుని కూర్చునే మగ్గం గుంతలో దిగింది. ఆ ఇంట్లో ఆమె పని రాట్నం దగ్గర కండెలకు దారం చుట్టడం. బసవన్నకు జ్వరమొచ్చిన నాళ్లలో తప్ప గుంతలో దిగేది కాదు. దారం కండె ఉన్న నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. దారాన్ని బిగించే పలక పడింది. పక్కింటి మగ్గం మొదలైంది, దాని వెనకే ఎదురింటిది.

కాసేపటికి బసవన్న పెరటి గుమ్మంలో కనిపించాడు. మగ్గం మీదికి వంగి, అడ్డంగా పడుతున్న దారాన్ని చూశాడు.

"పేక వదులుగా పడ్తాంది," అన్నాడు.

"నాకేం తెల్సు? నువ్వొచ్చి ఈడ కూచొని చెప్పు," అంది అంజనమ్మ తలెత్తకుండా. అంత వదులుగా ఆమె ఎప్పుడూ నేయదు.

ఆయన వచ్చి గుంత అంచున కూర్చున్నాడు. మహాదేవి చప్పుడు కాకుండా వెనక చేరి మైకు పెట్టింది. రికార్డరు మీట నొక్కింది.

అప్పుడు మాట వచ్చింది. నాడె పోయి వచ్చే సందులో ఒక మాట, పలక పడ్డాక ఇంకో మాట. నేసేవాళ్లందరూ అట్లాగే మాట్లాడుతారని మహాదేవికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. చెవుల పని నేర్చుకున్నాక మర్చిపోయింది. ఆయన తన నాయన కొట్టిన దెబ్బల గురించి చెప్పాడు. మొదటి చీర చెడగొట్టి మగ్గం మీది పడుగు దారాల కింద దాక్కున్న సంగతి చెప్పాడు. మధ్యలో దగ్గాడు, నీళ్లు తాగాడు. కూతురి వైపు ఒక్కసారీ చూడలేదు. ఉన్నట్టుండి దారి మార్చాడు.

"పరీచ్చ నాడు నేను కర్నూలుకు పోతి."

మహాదేవి మైకును ఇంకొంచెం దగ్గరికి జరిపింది. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"మీ యమ్మ చిత్రాన్నం కట్టిచ్చె. పరీచ్చ రాసి ఆకలితో వస్తాదని గేటు కాడ నిలబడితి. పిల్లోల్లంతా బయటికొచ్చిరి. నువ్వు రాలే. ఇంగో గేటు ఉండాదేమోనని ఆ పక్కకు పోతి. ఆడా ల్యావు. ఫోన్ చేస్తే ఎత్తలే."

పలక పడింది, మెల్లగా.

"వచ్చేటప్పుడు బస్సు యాడన్నా పడిపోయిందేమో అనుకుంటి. పోలీసు టేషనుకు పోయి అడిగితి. పొద్దు మునిగేదాకా గేటు కాన్నే ఉంటి. మర్రోజు గోపన్న చెప్పె, గండికోటలో ఉండాదని. బతికుండాది గదా, అది చాల్లే అనుకుంటి. ఆ మాట నీకు చెప్పేకి నోరు రాలేదు పాపా. కోపం అడ్డమొచ్చె. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటాంటే ఈ రోగమొచ్చె."

మగ్గం ఆగింది. ఇంట్లో ఫ్యాను, బయట పక్కిళ్ల మగ్గాల చప్పుడు తప్ప ఏమీ లేదు. మహాదేవి చున్నీని నోట్లో కుక్కుకుంది. ఏడుపు మైకులో పడకూడదని ఆమె ఎంత బిగబట్టినా, "నాయనా" అన్న ఒక్క అరుపు బయటికి వచ్చేసింది. రికార్డరులో ముల్లు ఎర్రగీత దాటి కొట్టుకుంది.

బసవన్న అప్పుడు ఆమె వైపు తిరిగాడు. ఆ చేతిని, అందులోని మైకును చూశాడు.

"ఆ కర్ర పట్టుకొని అంతసేపు నిలబడ్తే చేతులు నొప్పి పుట్టవా?"

"పుడ్తాయి నాయనా."

"మరి చెప్పల్ల గదా. ముప్పై ఏండ్లు చేతులు నొచ్చినోన్ని, నాకు తెల్దా? ఆముదం ఎచ్చబెట్టి రుద్దుకో." భార్య వైపు తిరిగాడు. "ఏమే, మగ్గం ఆపినావేంటికి? నెయ్యి."

మగ్గం మళ్లీ ఆడింది. ఆయన ఇంకో ఇరవై నిమిషాలు మాట్లాడాడు.

గురువారం ఆపరేషన్ జరిగింది. బసవన్న బతికాడు. ఇప్పుడు ఏం కావాలన్నా చేత్తో మంచం పట్టె మీద తడతాడు.

రెండు నెలల తర్వాత హైదరాబాదు స్టూడియోలో మహాదేవి ఆ రికార్డింగు ముందు కూర్చుంది. నాయన గొంతు ఒక్కటే మిగలాలని మగ్గం చప్పుడు తీసేయబోయింది. తీసేకొద్దీ గొంతు పల్చబడింది, తగరం డబ్బాలోంచి వచ్చినట్టయింది. వెనక నిలబడిన శివశంకర్ గారు, "ఉండనీయమ్మా" అన్నాడు. ఆమె తీసేసిన చప్పుడంతా తిరిగి పెట్టేసి మొదటి నుంచి విన్నది.

అప్పుడు వినబడింది. నాయన ఊపిరి తగ్గిన చోటల్లా పలక మెత్తగా పడింది. దగ్గు వచ్చిన చోటల్లా గట్టిగా పడి దగ్గును కప్పేసింది. మాట అందనప్పుడు నాడె ఆగి ఎదురుచూసింది. తాను ఏడాదిగా మీటల మీద వేళ్లు పెట్టి నేర్చుకుంటున్న పని అమ్మ గుంతలో కూర్చుని చేసింది. నలభై ఒక్క నిమిషాల ఆ రికార్డింగులో అమ్మ గొంతు ఒక్క మాటైనా లేదు. మాట్లాడమని ఆమెను ఎవరూ అడగలేదు.

వెంటనే ఫోను చేసింది. "అమ్మా, నువ్వూ ఏదన్నా మాట్లాడు. రికార్డు చేస్తా."

"నాకేముండాది చెప్పేకి? గంజి సల్లారిపోతాంది. మీ నాయన మంచం తడ్తాండాడు. పెడ్తాండా."

ఫోను పెట్టేసిన చప్పుడు కూడా మహాదేవి దాచుకుంది.

చదివినవాళ్లకు ఒక్క విన్నపం. బసవన్న గొంతు భద్రంగా ఉంది, ఆయనను మీరు మర్చిపోయినా ఫర్వాలేదు. అంజనమ్మను గుర్తు పెట్టుకోండి.